జావలో దొరికిన పాపం

మా సంఘంలో పాపం దాదాపు లేకుండా పోయిందని విశ్వాసులందరికీ, ఇంకా విశ్వసించని ఇరుగుపొరుగువారికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది.

జనం మారారని కాదు. జనం ఎప్పటిలాగే ఉన్నారు. పాలాయన పాలల్లో నీళ్లు కలుపుతున్నాడు. మందుల షాపాయన గడువు దాటిన మాత్రలు అమ్ముతున్నాడు. మా సంఘపెద్ద బెంచీల షావుకారుగారు పచ్చికర్రతో బెంచీలు చేయించి ఎండుకర్ర అని చెబుతున్నారు. అయితే వీరిలో ఎవరూ చెడు ఉద్దేశంతో ఆ పని చేయడం లేదని విచారణలో తేలింది. ఉద్దేశం చెడ్డది కానప్పుడు పాపం ఎక్కణ్ణుంచి వస్తుంది? రాదు. ఊరంతా వెతికితే దొరికింది ఒక్కటే పాపం. అది ఇస్త్రీ పిన్ని దగ్గర దొరికింది. అది కూడా గిన్నెడు జావలో.

కొత్త పాస్టరుగారు రాకముందు మాకు ఇంత తెలివి లేదు. పాత పాస్టరుగారు పాపాలను పేరుపేరునా తిట్టేవారు. తాగుడు ఒక వారం, అబద్ధం ఒక వారం, చాడీలు ఒక వారం. ఏ వారం ఎవరిని తిడుతున్నారో మాకు తెలిసిపోయేది. ఆ మనిషి ఆ వారం రాలేదని కూడా తెలిసేది. కాబట్టి అందరం హాయిగా విని ఇంటికి పోయేవాళ్లం.

కొత్తాయన పెద్ద చదువు చదివి వచ్చారు. సన్నటి కళ్లద్దాలు, మెత్తటి మాట. నిజానికి చాలా మంచి మనిషి. వచ్చిన కొత్తలోనే ఒక ప్రసంగం చేశారు.

“ప్రియులారా, దేవుడు మీ చేతుల్ని చూడడు. చేతులకేం తెలుసు? మనసు చెప్పిందే చేతులు చేస్తాయి. ఒక ఇంటి తలుపు ఇద్దరు తట్టారనుకోండి. ఒకడు పలకరించడానికి తట్టాడు. రెండోవాడు ఇంట్లో మనుషులున్నారా లేరా చూసుకోవడానికి తట్టాడు. చప్పుడు ఒకటే. తట్టిన వేళ్లూ ఒకలాంటివే. కానీ ఒకటి ప్రేమ, ఒకటి పాపం. తేడా ఎక్కడుంది? ఎందుకు తట్టాడన్న దాంట్లో ఉంది.”

నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. ఈ పోలిక నాకు బాగా నచ్చింది. అందరికీ నచ్చింది. మా జనం ఆ ప్రసంగాన్ని శ్రద్ధగా విన్నారు, అర్థం కూడా చేసుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా దగ్గర ఆరాధన చివర సాక్ష్యాల వేళ ఉంటుంది. వారంలో చేసిన పని ఏదో ఒకటి లేచి నిలబడి చెప్పాలి. చేసింది చెప్పి కూర్చోవడమే ఇంతకాలం ఆచారం. పాస్టరుగారు దీన్ని కొంచెం బాగుచేశారు. ఇకమీదట ఏం చేశారో చెప్పాక ఎందుకు చేశారో కూడా చెప్పాలన్నారు. ఎందుకో చెప్పని సాక్ష్యం సగం సాక్ష్యమే అన్నారు.

మొదటి వారం జనం కాస్త తడబడ్డారు. రెండో వారానికి చెయ్యి తిరిగింది.

పాలాయన లేచి, పాలల్లో నీళ్లు కలుపుతున్న మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ముసలివాళ్లకు చిక్కటి పాలు అరగవని, వాళ్ల కడుపులు తలుచుకుంటే తనకు కన్నీళ్లు ఆగవని చెప్పాడు. ఆ కన్నీళ్లు ఎక్కడ కారుతున్నాయో కొందరికి అనుమానం వచ్చింది గానీ పైకి అనలేదు. మందుల షాపాయన లేచి, సృష్టిలో ఏదీ వృథా కాకూడదన్న భయభక్తులతోనే పాత మాత్రల్ని పారేయడం లేదన్నాడు. షావుకారుగారు లేచి గొంతు సవరించుకున్నారు. పచ్చికర్ర బెంచీ ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది, వంకర బెంచీ మీద ఎవరికీ నిద్ర పట్టదు, ప్రసంగం వేళ విశ్వాసులు మెలకువగా ఉండాలన్న ఒకే ఒక్క తపనతో ఎండుకర్ర కొనగలిగి కూడా పచ్చికర్ర కొన్నానని చెప్పారు. జనం స్తోత్రం అన్నారు. షావుకారుగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత వీధి చివరి ఇంటావిడ లేచి, నలుగురి గుట్టూ తాను నలుగురికీ చెబుతున్నది వాళ్ల కోసం అందరూ ప్రార్థన చేస్తారనేనంటూ, ఏ ఇంట్లో ఏ ప్రార్థన అవసరమో అక్కడికక్కడే వివరంగా చెప్పింది. అంత ఆసక్తిగా సాక్ష్యం వినడం మా సంఘంలో నేనెప్పుడూ చూడలేదు.

పాస్టరుగారు మొదట కొంచెం కలవరపడ్డారు. తర్వాత, ఇంతమంది ఇంత లోతుగా మనసులు చూసుకుంటున్నందుకు సంతోషించారు.

అలా నడుస్తుండగా ఇస్త్రీ పిన్ని లేచింది.

పిన్ని అంటే అందరికీ పిన్నే. ఆవిడకన్నా పెద్దవాణ్ణి, నేను కూడా పిన్నీ అనే అంటాను. ఆవిడ విసుక్కుంటుంది. చర్చికి ఎదురు వరసలో ఆవిడ ఇస్త్రీ కొట్టు ఉంది. పక్కనే మెట్లు. మెట్ల కింద నా తాళాల కొట్టు. మెట్లెక్కితే ఒకటే గది. ఆ గదిలో పాటల మాస్టరు ఉంటాడు. ఒకప్పుడు చర్చిలో పాటల బృందాన్ని నడిపించినవాడు. పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కుడిచెయ్యి పనిచేస్తుంది. నాలుక మరీ బాగా పనిచేస్తుంది. నా అన్నవాళ్లు లేరు. ఉన్నప్పుడు కూడా ఆయన నోటికి జడిసి ఎవరూ నిలవలేదు.

పిన్ని లేచి చెప్పింది. “మాస్టరుగారికి రెండు పూటలా జావ పోస్తున్నానండీ. ఒళ్లు తుడుస్తున్నాను. దుప్పట్లు ఉతికి మారుస్తున్నాను.”

ఊరందరికీ తెలిసిన సంగతే. అయినా స్తోత్రం అన్నారు.

“ఎందుకమ్మా?” అన్నారు పాస్టరుగారు, చిరునవ్వుతో.

“ఆయన బతకాలండీ.”

“ఆమేన్,” అన్నారు పాస్టరుగారు.

“బతికి, నా గొంతులో అపశ్రుతి లేదని తన నోటితో ఒప్పుకోవాలండీ. ఒప్పుకోకుండా పోయాడనుకోండి, నేనేమైపోవాలి? అందుకని పోనివ్వడం లేదు.”

వంకర బెంచీలు కూడా కిర్రుమనలేదు.

విషయం ఏమిటంటే, పిన్ని వయసులో ఉన్నప్పుడు పాటల బృందంలో పాడేది. ఒక పెద్ద ఆరాధన రోజున, చర్చి నిండా జనం ఉండగా, మాస్టరు పాట మధ్యలో ఆపి తన కర్రను పిన్ని వైపు చూపించి, “ఆ తలుపు కీలుకి ఎవరైనా కాస్త నూనె రాయండయ్యా,” అన్నాడు. జనం పగలబడి నవ్వారు. పిన్ని పాట అయ్యేదాకా నోరు మూసుకుని నిలబడి, అయ్యాక పుస్తకం బెంచీ మీద పెట్టి వచ్చేసింది. మళ్లీ పాడలేదు. ఆ రోజు శ్రుతి తప్పింది తను కాదని, పక్కన నిలబడ్డావిడ అని పిన్ని అంటుంది. పక్కన నిలబడ్డావిడ ఇప్పుడు షావుకారుగారి భార్య. కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

“అంటే, ప్రేమతో కాదా అమ్మా?” అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా.

“ప్రేమా? ఆయన మీదా? మీరు ఆయన్ని ఎప్పుడైనా పలకరించారా పాస్టరుగారూ?”

పాస్టరుగారు ఒకసారి పలకరించి ఉన్నారు. అందుకని మరో మాట అడగలేదు.

కానీ ఆయన న్యాయం తెలిసిన మనిషి. మంచి ఉద్దేశం చెడ్డ పనిని శుభ్రం చేస్తుందని ఒప్పుకున్నాక, చెడ్డ ఉద్దేశం మంచి పనిని పాడుచేస్తుందని కూడా ఒప్పుకోవాలి కదా. పాలాయనకు ఒక న్యాయం, పిన్నికి ఒక న్యాయం ఉండకూడదు. ఆ ఆదివారమే ఉద్దేశ విచారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు షావుకారుగారు. సభ్యులు మందుల షాపాయన, పాస్టరుగారు. వీరి ముగ్గురి ఉద్దేశాలూ అప్పటికే సాక్ష్యాల వేళ తేటతెల్లమయ్యాయి గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

విచారణ కూడా ఆ రోజే చర్చి వెనక గదిలో జరిగింది. పాత పాటల పుస్తకాలు, కాళ్లు విరిగిన ఒక స్టాండు, చిల్లుపడ్డ బకెట్టు ఉండే గది అది. ముగ్గురికీ కలిపి ఒక బెంచీ వేశారు. షావుకారుగారి బెంచీయే. మధ్యలో లోతుగా వంగిపోయి ఉండడం వల్ల అధ్యక్షులు, సభ్యులు ఎంత సర్దుకుని కూర్చున్నా జారి ఒకరి మీదికి ఒకరు వస్తున్నారు. అందువల్ల విచారణ మొదటినుంచి ఏకాభిప్రాయంతో సాగింది.

షావుకారుగారు ప్రారంభోపన్యాసం చేశారు.

“గిన్నెడు జావేగా అని కొందరనుకోవచ్చు. అది పొరపాటు. ఇవాళ జావ, రేపు రొట్టె, ఎల్లుండి ఇంకోటి. కడుపులో కోపం పెట్టుకుని అన్నం పెట్టేవాళ్లు ఊళ్లో ఇలా పెరిగిపోతే, ఏమీ పెట్టకపోయినా నిర్మలమైన మనసు పెట్టుకున్న మనలాంటి వాళ్ల గతి ఏమిటని ఈ సందర్భంగా ప్రశ్నిస్తున్నాను.”

ప్రశ్న బలంగా ఉంది.

మందుల షాపాయన ఒక సూక్ష్మమైన అనుమానం లేవదీశాడు. జావ పాపంతో కాచింది గనుక, తాగిన మాస్టరుకు కూడా అందులో వాటా వస్తుందా రాదా? దీని మీద చాలాసేపు చర్చ జరిగింది. ఇంతవరకు తాగింది తెలియక తాగాడు గనుక దోషం లేదని, ఇకమీదట తాగితే తెలిసి తాగినట్టేనని తేల్చారు. మాస్టరు ఆత్మను కాపాడాలంటే జావ ఆపడం తప్పనిసరి అని పాస్టరుగారు చెప్పారు. పిన్ని తన ఉద్దేశం మార్చుకునేవరకు మెట్లెక్కరాదని తీర్మానమైంది.

పిన్ని తలుపు దగ్గర నిలబడి అంతా వింది. “సరేనండీ. మరి రేపు పొద్దున్న జావ ఎవరు పోస్తారు?”

“మంచి ఉద్దేశం గలవారిని సంఘం పంపిస్తుందమ్మా,” అన్నారు షావుకారుగారు.

“ఎప్పుడండీ?”

“ముందు వాళ్ల ఉద్దేశం చూడాలి కదా.”

“ఆయనకి పొద్దున్నే ఆకలేస్తుందండీ. మీరు చూసేదాకా ఆగే మనిషి కాదు.”

“అందుకేనమ్మా, తొందరగానే చూస్తాం,” అన్నారు పాస్టరుగారు. ఆయన నిజంగానే తొందరగా చూద్దామనుకున్నారు.

సేవకు ముందుకొచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. అది మా సంఘానికే గర్వకారణం. సోమవారం పొద్దున్నే వెనక గది ముందు వరస కట్టారు. మొదట షావుకారుగారి భార్య వచ్చింది. ఎందుకమ్మా అంటే, మాస్టరు తన గొంతును ఒకప్పుడు చాలా మెచ్చుకున్నాడని, ఆ కృతజ్ఞతతోనని చెప్పింది. అది బాకీ తీర్చుకోవడమే గానీ ప్రేమ కాదని సంఘం తోసిపుచ్చింది. అధ్యక్షులు తన ఇంటి మనిషినే తోసిపుచ్చడం చూసి జనం మెచ్చుకున్నారు. ఆవిడ కూడా పెద్దగా బాధపడలేదు. తర్వాత పాలాయన వచ్చి, తన ఉద్దేశంలో ఏ మచ్చా లేదన్నాడు. అలా అనుకోవడం గర్వం గనుక పక్కన పెట్టారు. ఆ మాట విని వెనకున్నాయన తన ఉద్దేశంలో మచ్చ ఉందేమో అన్నాడు. ఉంటే పనికిరాదని, లేకపోతే అబద్ధమాడినట్టని ఆయన్ని వచ్చేవారం రమ్మన్నారు. ఒకావిడ, పాపం ఆకలితో ఉన్నాడని జాలేసి వచ్చానంది. జాలిలో ఎదుటివాణ్ణి తక్కువగా చూడడం ఉందని, ఆ తక్కువ చూపు పోయాక రమ్మని చెప్పారు. నేనూ నిలబడ్డాను. ఎందుకన్నారు. నాకేం తోచలేదు. ఊరుకున్నాను. మాట్లాడకపోవడం కూడా ఒక రకమైన గర్వమేనని రాత్రి ప్రార్థన చేసుకోమన్నారు.

మధ్యాహ్నానికి వరస అయిపోయింది. మంచి ఉద్దేశం గల మనిషి మాత్రం తేలలేదు. అందువల్ల అప్పటికి మాస్టరు కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. చాలా చక్కటి ప్రార్థన. మాస్టరుకు ఆకలి తెలియకుండా ఉండాలని, తెలిసినా ఓర్పు కలగాలని, ఓర్పు లేకపోయినా విశ్వాసం తప్పకూడదని అడిగారు. చాలామంది ఏడ్చారు. ప్రార్థన అయ్యాక తేలికపడ్డ మనసులతో అందరూ ఇళ్లకు భోజనానికి వెళ్లారు.

మాస్టరు మంచం పక్కన ఒక కర్ర ఉంటుంది. పాడేవాళ్లను నడిపించిన కర్రే. దాంతో నేల మీద కొట్టడం ఆయనకు అలవాటు. ఆ చప్పుడు నా నెత్తిన మోగుతుంది, పిన్ని కొట్లోనూ వినబడుతుంది. సోమవారమంతా మోగింది. జావ ఆలస్యమైతే ఎలా కొడతాడో అలా కొట్టాడు. తర్వాత తిట్లు వినబడ్డాయి. పిన్నిని, నన్ను, సంఘాన్ని, వీధిలో పోయే బండ్లను ఎవరినీ వదలకుండా తిట్టాడు. గదిలో కూజాడు నీళ్లు, డబ్బా అడుగున కాసిని బిస్కట్లు ఉన్నాయని పిన్ని నాతో చెప్పింది. బిస్కట్లు కుడిచేతికి అందేలా పెట్టానో లేదో గుర్తు రావడం లేదని కూడా చెప్పింది. ఆ మాట రెండుమూడుసార్లు చెప్పింది.

సోమవారం సాయంత్రం పిన్ని పాస్టరుగారి ఇంటికి వెళ్లింది. వాళ్ల ఇంటి గడియ పట్టేసిందని నన్ను పిలిచారు గనుక నేనూ అక్కడే ఉన్నాను.

“పాస్టరుగారూ, ఉద్దేశం మార్చుకుందామని చూశానండీ. మారడం లేదు.”

“ఇంకొంచెం ప్రయత్నం చెయ్యమ్మా. ఆయనలో మంచిని తలుచుకో.”

“పొద్దుణ్ణుంచీ ఇస్త్రీ చేస్తూ అదే పని మీద ఉన్నానండీ. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది.”

పాస్టరుగారి కళ్లు మెరిశాయి. “ఏమిటమ్మా అది?”

“చొక్కా శుభ్రంగా తొడుక్కునేవాడు. కాలరు మీద మరక ఉండేది కాదు. దాంతో ప్రేమ వస్తుందేమోనని కాసేపు చూశాను. అది చొక్కా దగ్గరే ఆగిపోయిందండీ. మనిషిదాకా రాలేదు.”

పాస్టరుగారు తల పట్టుకున్నారు. “పోనీ, క్షమించానని ఒక్క మాట అను. నోటితో అంటే మనసు తర్వాత వస్తుంది.”

“అంటానండీ. అంటే వెళ్లి పొయ్యచ్చా?”

“మనసులో లేకుండా అంటే అబద్ధమవుతుంది కదమ్మా.”

“మరైతే ఎందుకు అనమన్నారండీ?”

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడిచారు. లోపల్నుంచి పాస్టరమ్మగారు, “ఏమండీ, అన్నం చల్లారిపోతోంది,” అని పిలిచారు. ఆయన లేచారు. మళ్లీ కూర్చున్నారు. ఆ పూట ఆయన సరిగ్గా తినలేదని తర్వాత తెలిసింది. ఉద్దేశం ఎంత మంచిదో చూడండి.

మంగళవారం కర్ర చప్పుడు నెమ్మదించింది. తిట్లు తగ్గాయి. వీధిలో బండ్లు తిట్లు లేకుండానే పోతున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నేను ఒక తాళం విప్పి మళ్లీ బిగించేంత ఆలస్యం అవుతోంది. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది.

పిన్ని ఎవరిదో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఎత్తి అలాగే పట్టుకుంది. పైకి చూసింది. పెట్టెను నిలబెట్టి వెనక్కి వెళ్లింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినబడింది. కాసేపటికి గిన్నె మీద మూత, మూత మీద చెంచా పెట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది.

“తాళాలన్నయ్యా, కాస్త జరుగు.”

“సంఘం వద్దంది కదా పిన్నీ,” అన్నాను.

“వద్దంది. పాపమే. తెలిసే చేస్తున్నాను. వెళ్లి చెప్పుకుంటావా, చెప్పుకో. అడ్డం మాత్రం లే.”

లేచాను. నా కూజా తీసుకుని వెనకే ఎక్కాను. ఉద్దేశం ఏమీ పెట్టుకోలేదు.

మాస్టరు గోడవైపు తిరిగి ఉన్నాడు. దుప్పటి సగం కింద పడి ఉంది. కర్ర నేల మీద పడి, చేతికి అందని చోటికి దొర్లిపోయింది. బిస్కట్ల డబ్బా కిటికీ గట్టు మీద ఉంది. పిన్ని దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన పెదాలు ఎండిపోయాయి. పిన్ని తల ఎత్తి దిండు సర్దింది. ఆయన కళ్లు తెరిచి ముందు గిన్నెను చూశాడు. తర్వాత ఆవిణ్ణి చూశాడు.

“ఒప్పుకుంటున్నాను,” అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది. “ఆ రోజు నీ శ్రుతి సరిగ్గానే ఉంది. తప్పింది నీ పక్కావిడ. నాకప్పుడే తెలుసు. ఆ గిన్నె ఇటు తే.”

ఇన్నేళ్లు పిన్ని ఎదురుచూసిన మాట అది. ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. చెంచా మాత్రం గాల్లో ఆగిపోయింది.

“ఎందుకు ఒప్పుకుంటున్నారు?” అంది.

“ఎందుకేమిటే? ఆకలి!”

“అయితే చెల్లదు. ఆకలికి ఒప్పుకున్న మాట నేనేం చేసుకోను? ముందు తాగండి. కడుపు నిండాక చెప్పండి.”

“ముందు చెప్పేశాను కదా.”

“చెల్లదన్నానా. నోరు తెరవండి.”

తాగాడు. మొదటి చెంచాలో సగం గడ్డం మీదికి కారింది. పిన్ని కొంగుతో తుడుస్తూ, తిడుతూ, నిదానంగా పోసింది. సగం గిన్నెకు ఆయన మొహంలోకి రంగు వచ్చింది. ముప్పాతిక గిన్నెకు కనుబొమలు ముడిపడ్డాయి. గిన్నె ఖాళీ అయ్యేసరికి మాస్టరు మళ్లీ మాస్టరు అయ్యాడు.

“ఊఁ, ఇప్పుడు చెప్పండి,” అంది పిన్ని, గిన్నె ఒళ్లో పెట్టుకుని.

“ఏం చెప్పాలి?”

“నా గొంతు సంగతి.”

మాస్టరు పైకప్పు వైపు చూశాడు. “నీ గొంతు తలుపు కీలే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నూనె రాసినా లాభం లేదు.”

పిన్ని ఊపిరి పీల్చి వదిలింది. మొహం వికసించింది. “అదీ! సాయంత్రం మళ్లీ వస్తాను. ఎలా ఒప్పుకోరో నేనూ చూస్తాను.”

“చూద్దువుగాని. ఉప్పు కాస్త తగ్గించు.”

మెట్లు దిగుతూ పిన్ని ఏదో కూనిరాగం తీసింది. శ్రుతి సంగతి నాకు తెలియదు. దొర్లిపోయిన కర్రను నేనే తీసి ఆయన చేతికిచ్చాను. వెంటనే నేల మీద టకటకా కొట్టాడు, పాట ఆపమని.

ఆ ఆదివారం సంఘం రెండు ప్రకటనలు చేసింది. మొదటిది: పాటల మాస్టరు క్షేమంగా ఉన్నారనీ, ఇది నిర్మలమైన మనసులతో చేసిన ప్రత్యేక ప్రార్థన ఫలితమనీ హర్షధ్వానాల మధ్య తెలియజేశారు. రెండోది: ఇస్త్రీ పిన్ని చెడు ఉద్దేశంతో, తెలిసి తెలిసి, తీర్మానాన్ని ధిక్కరించి జావ పోసినందున పశ్చాత్తాపపడేవరకు ప్రభువు బల్లకు దూరంగా ఉండాలన్నారు. రొట్టె, ద్రాక్షరసం అందరితో కలిసి పుచ్చుకునే భాగ్యం ఆవిడకు ఇక లేదన్నమాట. రెండో ప్రకటన పాస్టరుగారు చదివారు. చాలా చిన్న గొంతుతో చదివారు.

పిన్ని లేచింది. “పశ్చాత్తాపపడితే జావ మానెయ్యాలాండీ?”

“ఉద్దేశం మారితే పొయ్యచ్చమ్మా.”

“మారేదాకా?”

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడిచారు. ఈమధ్య ఆ అద్దాలకు మసక ఎక్కువవుతోంది.

పిన్ని వచ్చి ఆఖరి బెంచీలో, తలుపు దగ్గర, నా పక్కన కూర్చుంది. రొట్టె పళ్లెం వరసల వెంట వచ్చి, ఆవిడ ముందునుంచి దాటిపోయింది. ఆవిడ దాని వైపు చూసింది. చూడలేదని అబద్ధం చెప్పను. తర్వాత గోడ గడియారం చూసి, “అమ్మో, టైమైపోతోంది,” అనుకుంటూ లేచి వెళ్లిపోయింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం అలాగే లేచి వెళుతుంది. మాస్టరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే జావ ఏమవుతుందోనని ఆయన భయమని కొందరంటారు. నిజంగానే ఒప్పుకుంటే ఏం చెయ్యాలోనని పిన్ని భయమని నేనంటాను. ఏదేమైనా ఇద్దరి ఉద్దేశాలూ చెడ్డవే. ఆయన కాస్త ఒళ్లు చేశాడు కూడా.

ఇక అసలు సంగతి. ఈమధ్య మా వీధిలో ఒక మార్పు కనిపిస్తోంది. పెద్ద పెద్ద వాళ్లు ఇస్త్రీ బట్టలు తామే స్వయంగా తెస్తున్నారు. మందుల షాపాయన తల్లి మంచాన పడింది. ఆయన ఒకరోజు మడత నలగని చొక్కా ఒకటి తెచ్చి, అటూ ఇటూ చూసి, “పిన్నీ, మా అమ్మ నిన్నెప్పుడైనా ఏమైనా అందా? బాగా గుర్తు చేసుకో,” అన్నాడు. ఏమీ అనలేదని, చాలా మర్యాదస్తురాలని పిన్ని చెప్పింది. ఆయన దిగాలుగా వెళ్లాడు.

తర్వాత షావుకారుగారు వచ్చారు. ఆయనకు ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఒక కాలు తిమ్మిరెక్కుతోందని కూడా విన్నాను. చొక్కాలు బల్ల మీద పెట్టారు.

“పిన్నీ, నా మీద నీకు కోపం ఉందా?”

“మీ మీదా? ఎందుకండీ?”

“అదేమిటి! నిన్ను బల్లకు దూరం పెట్టిన సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే కదా. నలుగురిలో నీ పరువు తీసింది నేనే కదా. కొంచెమైనా ఉండాలే!”

పిన్ని చొక్కాల మీద నీళ్లు చిలకరిస్తూ నవ్వింది. “భలేవారే. మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు కదండీ. మీ మీద నాకు కోపమెందుకు?”

షావుకారుగారి మొహం పాలిపోయింది. చొక్కాలు తర్వాత తీసుకుంటానని చెప్పి, కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయారు.

ఇది చదువుతున్న మీరు మంచి మనసున్నవారు. మీ చుట్టూ ఉన్నవారు కూడా మంచి మనసున్నవారే అయి ఉంటారు. మీరు మంచాన పడ్డారని తెలిస్తే తప్పకుండా బాధపడతారు, చక్కగా ప్రార్థన చేస్తారు. అందుకే చెబుతున్నాను. ఒంట్లో ఓపిక ఉండగానే, దగ్గర్లో ఉన్న ఎవరో ఒకరికి మీ మీద గట్టిగా కోపం వచ్చేట్టు చూసుకోండి. మెట్లెక్కగలిగిన మనిషైతే మరీ మంచిది.